గుడ్డులో మొదలై గిన్నెలో తేలే కండరం: డెవలప్‌మెంటల్ బయాలజీ నుంచి ఫుడ్ సైన్స్‌కి దారి

నాటుకోడి కూరకు కుక్కర్ అన్ని విజిల్స్ ఎందుకు వెయ్యాలని ఇంట్లో అడిగితే "ముదురు కోడి కదా" అంటారు. సరైన జవాబు అదే. వయసు పెరిగేకొద్దీ కండరాన్ని చుట్టి ఉండే కొల్లాజెన్ పోగుల మధ్య బంధాలు బిగుసుకుంటాయి, అవి వేడికి తొందరగా లొంగవు. ఆరు వారాలకే కోతకొచ్చే బ్రాయిలర్‌లో ఆ బంధాలు బిగియడానికి టైమే ఉండదు. కొల్లాజెన్ ఎప్పుడు, ఎలా పేరుకుంటుందన్నది డెవలప్‌మెంటల్ బయాలజీ ప్రశ్న. ఎన్ని డిగ్రీల దగ్గర ఎంతసేపు ఉంచితే అది కరిగి జెలటిన్ అవుతుందన్నది ఫుడ్ సైన్స్ ప్రశ్న. మొదటిదాంట్లో చెయ్యి తిరిగినవాళ్లు రెండోదాంట్లోకి ఎలా రావాలో చెప్పడమే ఈ గైడు పని. జువాలజీ, బయోటెక్నాలజీల్లో ఎమ్మెస్సీ చేసినవాళ్లనూ, పిండాల మీద పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లనూ ఉద్దేశించి రాసింది. దారి పొడవునా ఒకే కణజాలాన్ని, కండరాన్ని, పట్టుకుని నడుద్దాం.

ముందు ప్రశ్న మార్చుకోవాలి

కొత్త టెక్నిక్ నేర్చుకోవడానికి ఆరు నెలలు చాలు. అలవాటైన ప్రశ్నను వదులుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. డెవలప్‌మెంటల్ బయాలజీలో ఒక జన్యువును తీసేస్తే ఏమవుతుందో చూపిస్తే పేపరు వస్తుంది. ఫుడ్ సైన్స్‌లో సమీక్షకులు అడిగేవి వేరు. ఈ వారం వచ్చిన ఫలితం వచ్చే వారం బ్యాచ్‌లోనూ వస్తుందా? కిలోకి ఖర్చెంత? ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది? తిన్నవాళ్లకు ఏమీ కాదు కదా? నోట్లో ఎలా ఉంది?

కండరం మితిమీరి పెరగకుండా ఆపే మయోస్టాటిన్ జన్యువు సంగతి చూడండి. 1997లో ఎలుకల్లో ఈ జన్యువును తీసేస్తే కండరాలు రెండు మూడింతలు పెరిగాయి. బెల్జియన్ బ్లూ జాతి పశువుల బలిసిన కండలకు కారణం కూడా అదే జన్యువులోని లోపమని ఆ ఏడాదే తేలింది. బయాలజిస్టుకు కథ అక్కడితో పూర్తయింది. కసాయికి కావలసింది వేరు: ఆ మాంసంలో కొవ్వు, కొల్లాజెన్ తక్కువ, కాబట్టి మెత్తగా ఉంటుంది. రైతు బాధ ఇంకొకటి: దూడ మరీ పెద్దదై ఈనడం కష్టం, చాలాసార్లు సిజేరియన్ తప్పదు. మీ థీసిస్‌లోని ప్రతి ఫలితానికీ కసాయి ప్రశ్న, రైతు ప్రశ్న రాసుకోండి. ఏ ప్రశ్నకు మీ చేతిలో ఉన్న పద్ధతితో కొలిచే వీలుందో అదే మీ తొలి ప్రాజెక్టు.

మన దగ్గర పౌల్ట్రీ పెద్ద పరిశ్రమ కాబట్టి కోడిని ఎంచుకోవడం తెలివైన పని. కోడిలో కండర పోగుల సంఖ్య గుడ్డులో ఉండగానే దాదాపు ఖాయమైపోతుంది. పిల్ల బయటికొచ్చాక పోగులు లావెక్కడమే ఉంటుంది, ఆ లావుకు కావలసిన కొత్త కేంద్రకాలను పోగులకు అంటిపెట్టుకుని ఉండే శాటిలైట్ కణాలనే మూలకణాలు అందిస్తాయి. ఈ కణాలను 1961లో అలెగ్జాండర్ మారో కప్ప కండరంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశాడు. ఈనాటి బ్రాయిలర్ కంపెనీల తలనొప్పుల్లో ఒకటైన వుడీ బ్రెస్ట్‌కూ ఈ కణాలకూ సంబంధం ఉంది. అతి వేగంగా పెరిగిన కోళ్లలో కండర పోగులు దెబ్బతిని, మరమ్మత్తు సరిగా సాగక, మధ్యలో పీచు కణజాలం పేరుకుంటుంది. బ్రెస్ట్ పీస్ చెక్కముక్కలా గట్టిపడుతుంది. పిండ కండరం తెలిసినవాళ్లకు ఇంతకంటే మంచి తలుపు దొరకదు.

మొదటి ప్రయోగం: పదకొండో రోజు పిండం

పిండం నుంచి మయోబ్లాస్టులు (కండరం కాబోయే కణాలు) తీసి, అవి కలిసిపోయి మయోట్యూబులు (చాలా కేంద్రకాలున్న తొలి కండర పోగులు) కావడాన్ని కొలవడం పాత విద్య. అయినా మాంసం పరిశోధనకు ఇదే పునాది. గుడ్ల మీద చెయ్యి వేసే ముందు మీ సంస్థ జంతు నైతిక కమిటీని లిఖితపూర్వకంగా సంప్రదించి, పిండాన్ని ఏ పద్ధతిలో తీయాలో వాళ్ల అనుమతితోనే నిర్ణయించుకోండి.

కొట్లో దొరికే గుడ్లు పనికిరావు. లేయర్ ఫారాల్లో పుంజులుండవు, ఆ గుడ్లు ఎన్నాళ్లు పొదిగినా అలాగే ఉంటాయి. హేచరీ నుంచి ఒక డజను పొదిగే గుడ్లు తెచ్చుకోండి. వెంటనే పెట్టకపోతే 15–18 డిగ్రీల దగ్గర వారం లోపు ఉంచొచ్చు, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. చల్లటి గుడ్డును నేరుగా ఇంక్యుబేటర్‌లో పెడితే పెంకు మీద చెమ్మ పడుతుంది, ఆ తడిలో బాక్టీరియా పెంకు రంధ్రాల గుండా లోపలికి పోతుంది. అందుకే ముందు గది వేడికి రానివ్వాలి. తర్వాత 37.5–37.8 డిగ్రీలు, 55–60 శాతం తేమ, రోజుకు మూడు నాలుగు సార్లు తిప్పడం. అయిదో రోజు చీకటి గదిలో గుడ్డు వెనక దీపం పెట్టి చూస్తే సాలెగూడులా రక్తనాళాలు కనబడాలి. కనబడనివి తీసెయ్యండి.

రోజులు లెక్కపెట్టి ఊరుకోకండి. గుడ్డు నిల్వ ఉన్న కాలం, తలుపు ఎన్నిసార్లు తీశారు, కరెంటు ఎంతసేపు పోయింది, వీటన్నిటితో పిండం వెనకబడుతుంది. 1951లో హాంబర్గర్, హామిల్టన్ కోడి పిండానికి ఇచ్చిన 46 దశల పట్టికతో పోల్చి, 37వ దశకు వచ్చినవే వాడండి.

పెంకును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, వెడల్పు కొన దగ్గర తెరిచి, పిండం రొమ్ము కండరాలను రెండు వైపులా తీసుకోండి. చర్మం, మృదులాస్థి ముక్కలు ఏమాత్రం రాకూడదు. వస్తే మృదులాస్థి కణాలు, ఫైబ్రోబ్లాస్టులు (పీచు కణజాలాన్ని తయారుచేసే కణాలు) ప్లేటును ఆక్రమిస్తాయి. కాల్షియం, మెగ్నీషియం లేని ఉప్పు ద్రావణంలో కడిగి, కత్తెరతో మిల్లీమీటరు కంటే చిన్న ముక్కలు చెయ్యండి. కణాలను విడదీసే ట్రిప్సిన్ ఎంజైము 0.25 శాతం ఉన్న ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర 15–20 నిమిషాలు ఉంచి, అయిదేసి నిమిషాలకు కదుపుతూ ఉండండి. అంతే పరిమాణంలో సీరం (రక్తరసి) ఉన్న మీడియం (కణాల పోషక ద్రావణం) పోసి ట్రిప్సిన్‌ను ఆపాలి. పైపెట్‌తో పదిసార్లు నెమ్మదిగా పీల్చి వదిలి, 100 మైక్రాన్ల జల్లెడ, తర్వాత 40 మైక్రాన్ల జల్లెడ గుండా పోయండి. సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ బలంతో అయిదు నిమిషాలు తిప్పితే కణాలు అడుగున చేరతాయి.

చాలామంది తొందరలో వదిలేసే మెట్టు ఇప్పుడు వస్తుంది. కణాలను పూత లేని ప్లేటులో 45 నిమిషాలు ఉంచితే ఫైబ్రోబ్లాస్టులు ముందుగా అంటుకుంటాయి, మయోబ్లాస్టులు ఇంకా తేలుతుంటాయి. తేలేవాటిని మాత్రమే 0.1 శాతం జెలటిన్ పూసిన ప్లేటులోకి మార్చి, చదరపు సెంటీమీటరుకు సుమారు 30,000 చొప్పున వెయ్యండి. మీడియం: లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉన్న డీఎంఈఎం అనే కల్చర్ ద్రావణం, అందులో 10 శాతం గుర్రం సీరం, 2–5 శాతం కోడి పిండ సారం. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. మర్నాటికి కణాలు కదురు ఆకారంలోకి వస్తాయి, రెండో రోజుకు కలిసిపోవడం మొదలవుతుంది, నాలుగో రోజుకు పొడవాటి మయోట్యూబులు కనబడతాయి. కొన్ని వాటంతటవే కొట్టుకుంటాయి కూడా.

కొలత: కండర ప్రొటీన్ మయోసిన్‌ను పట్టే ఎంఎఫ్-20 యాంటీబాడీ, కేంద్రకాలకు డాపీ రంగు. రెండు లేదా అంతకంటే ఎక్కువ కేంద్రకాలున్న మయోసిన్ ట్యూబుల్లోని కేంద్రకాలను మొత్తం కేంద్రకాలతో భాగించి 100తో గుణిస్తే ఫ్యూజన్ ఇండెక్స్. 412 కేంద్రకాల్లో 247 ట్యూబుల్లో ఉంటే 60 శాతం. ప్లేటులోని ఒక్కో బావికి (గుంటకు) పది చోట్ల, ముందుగా నిర్ణయించుకున్న స్థానాల్లోనే ఫొటోలు తీయండి. అందంగా ఉన్నచోట తీస్తే ఇండెక్స్ కూడా అందంగానే వస్తుంది, మళ్లీ చేసినప్పుడు రాదు.

ఫ్యూజన్ తక్కువగా వస్తే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: కణాలు పలచగా వెయ్యడం, ట్రిప్సిన్ ఎక్కువసేపు పెట్టడం, ఫైబ్రోబ్లాస్టులు మిగలడం, లేదా కాల్షియం. డీఎంఈఎంలో కాల్షియం సుమారు 1.8 మిల్లీమోలార్ ఉంటుంది. దాన్ని కాల్షియంను బంధించే ఈజీటీఏ రసాయనంతో పట్టేస్తే మయోబ్లాస్టులు వరసగా నిలబడతాయి గానీ కలవవు. కడిగి మళ్లీ కాల్షియం ఇస్తే కొన్ని గంటల్లో ఒక్కసారిగా కలుస్తాయి. ఈ కంట్రోల్ తప్పక పెట్టండి. ప్లేటులో కణాలను కలిపిన ఈ కాల్షియమే బతికి ఉన్న కండరాన్ని ముడుస్తుంది, కోశాక మాంసాన్ని బిగిస్తుంది, ఆ తర్వాత కాల్పెయిన్ ఎంజైములను లేపి మెత్తబరుస్తుంది. పిండశాస్త్రం నోటుబుక్కునూ మాంసశాస్త్రం నోటుబుక్కునూ కలిపి కుట్టే దారం కాల్షియమే.

కోడి పిండాలు వీలుకాకపోతే ల్యాబుల్లో పెంచే ఎలుక కండర కణాలైన సీ2సీ12తో చెయ్యొచ్చు. అవి ప్లేటులో 70 శాతం నిండకముందే విడదీసి కొత్త ప్లేట్లకు మార్చాలి. ఒక్కసారి పూర్తిగా నిండనిచ్చినా కలిసే గుణమున్న కణాలు తగ్గిపోతాయి. కలవాల్సిన రోజున నిండనిచ్చి, 10 శాతం దూడ సీరం నుంచి 2 శాతం గుర్రం సీరంకు దించండి.

రెండో ప్రయోగం: ఒకే కోడి, రెండు బ్రెస్ట్ పీసులు

కోసిన క్షణం నుంచి కండరం మాంసమయ్యే వరకు జరిగేది కూడా ఒక విధమైన డెవలప్‌మెంటే, కాకపోతే దానికి రక్తప్రసరణ ఉండదు. ముందు కండరంలోని శక్తి నిల్వ అయిన ఫాస్ఫోక్రియేటిన్ ఖర్చవుతుంది. దీన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. 1925 నాటి వాళ్లిద్దరి ఫాస్ఫరస్ అంచనా పద్ధతి ఇవాళ్టికీ ఆహార ల్యాబుల్లో వాడుకలో ఉంది, నేర్చుకుని పెట్టుకోండి. ఫాస్ఫోక్రియేటిన్ తర్వాత గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారి పీహెచ్ 7 నుంచి దిగుతుంది, కోడి బ్రెస్ట్‌లో సాధారణంగా 5.7–5.9 దగ్గర ఆగుతుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అయిపోయాక కండరాన్ని ముడిచే యాక్టిన్, మయోసిన్ ప్రొటీన్లు విడిపోలేక బిగుసుకుంటాయి.

బిగుసుకోకముందే ఎముక నుంచి కండరాన్ని తీసేస్తే పట్టుకునేది లేక అది కుంచించుకుపోయి గట్టిపడుతుంది. దీన్ని తేలిగ్గా చూపించొచ్చు. కళ్లముందు కోయించిన పది కోళ్లు తీసుకోండి. ప్రతి కోడిలో ఒక వైపు బ్రెస్ట్‌ను అరగంటలో ఎముక నుంచి తీసెయ్యండి, రెండో వైపు దానిని కోడికే ఉంచి, చల్లటి పెట్టెలో ఆరు గంటలు ఆగి తీయండి. ఎడమ ముందా కుడి ముందా అన్నది నాణెం ఎగరేసి తేల్చండి. ఒకే కోడి తనకు తానే కంట్రోల్ కావడంతో జాతి, వయసు, మేత తేడాలన్నీ లెక్కలోంచి పోతాయి.

పీహెచ్‌కి 15 నిమిషాలు, గంట, నాలుగు గంటలు, 24 గంటల దగ్గర చిన్న ముక్కలు తీయండి. ఉత్త నీళ్లలో రుబ్బితే రుబ్బుతుండగానే పీహెచ్ దిగిపోతుంది. అందుకే 5 మిల్లీమోలార్ సోడియం అయొడోఅసిటేట్, 150 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ఉన్న, పీహెచ్ 7కి సరిచేసిన ద్రావణంలో రుబ్బాలి. అయొడోఅసిటేట్ విషం, గ్లవ్స్ తప్పనిసరి, ఆ ముక్కలు వంటకు పోకూడదు. ఎలక్ట్రోడ్‌ను 4, 7 బఫర్లతో సరిచూసుకుని, ప్రతి నమూనా తర్వాత కొవ్వు తుడవండి. కొవ్వు పొర పట్టిన ఎలక్ట్రోడ్ మెల్లగా, తప్పుగా చదువుతుంది.

మర్నాడు రెండు పీసులనూ తూచి, గాలి తీసిన సంచుల్లో పెట్టి, 80–85 డిగ్రీల నీటి తొట్టిలో మధ్య భాగం 75 డిగ్రీలకు వచ్చే వరకు ఉడికించండి. చల్లార్చి, తడి ఒత్తి, మళ్లీ తూచండి. పోయిన బరువును పచ్చి బరువుతో భాగిస్తే ఉడుకు నష్టం వస్తుంది. పోగుల వెంట సెంటీమీటరు మందం, సెంటీమీటరు వెడల్పున్న పట్టీలు కోసి, మాంసం కోయడానికి పట్టే బలాన్ని (షియర్ బలాన్ని) కొలిచే వార్నర్-బ్రాట్జ్‌లర్ బ్లేడుతో పోగులకు అడ్డంగా నిమిషానికి 200 మిల్లీమీటర్ల వేగంతో కోయించండి. పీసుకు కనీసం ఆరు పట్టీలు. ఇక్కడ కొత్తవాళ్ల తప్పు ఎప్పుడూ ఒకటే: పోగులకు ఏటవాలుగా పట్టీ కోయడం. అలా కోస్తే ముదురు మాంసం కూడా లేతగా కనబడుతుంది.

ఇంకో తప్పు లెక్కలో దొర్లుతుంది. ఆరు పట్టీలు ఒక పీసుకు చెందినవి, వాటి సగటు ఒక్క అంకె కిందే లెక్క. పది కోళ్లుంటే మీ నమూనా సంఖ్య పదే, అరవై కాదు. ప్లేటులోని ఆరు బావులకూ ఇదే వర్తిస్తుంది. తర్వాత జత టీ-పరీక్ష చాలు.

ఇక్కడే మీ పాత విద్య పనికొస్తుంది. ఫుడ్ ల్యాబ్ షియర్ బలంతో ఆగిపోతుంది. మీరు అదే పీసు నుంచి పోగులు తీసి ఆల్ఫా-యాక్టినిన్ యాంటీబాడీతో సార్కోమియర్ల (పోగులో ముడుచుకునే అతి చిన్న భాగాల) పొడవు కొలవండి. ముందే తీసిన పీసులో సార్కోమియర్లు కురచగా ఉంటాయి, గట్టిదనానికి కారణం కళ్లముందు ఫొటోలో ఉంటుంది. మేక, గొర్రె మాంసంలో ఇదే సంగతి చలితో జరుగుతుంది. పీహెచ్ 6 కంటే దిగకముందే కండరాన్ని 10 డిగ్రీల కిందకు చల్లార్చితే కండర కణంలో కాల్షియంను దాచే సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్ కాల్షియంను పట్టి ఉంచలేదు, మాంసం ముడుచుకుంటుంది. చల్లగా పెట్టడమే మంచిదని వెంటనే ఫ్రిజ్‌లో తోసెయ్యడం అందుకే చెడుపు.

ల్యాబ్ మాంసం గురించి, ముందు లెక్క

2013 ఆగస్టు 5న లండన్‌లో మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ మార్క్ పోస్ట్ బృందం కణాలతో పెంచిన బర్గర్‌ను వండించింది, దానికి ఖర్చు రెండున్నర లక్షల యూరోలు. సింగపూర్ 2020 డిసెంబరులో, అమెరికా 2023 జూన్‌లో కల్చర్డ్ చికెన్ అమ్మకానికి అనుమతిచ్చాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ కలిసి బయోటెక్నాలజీ శాఖ నిధులతో 2019లో ఈ పనికి దిగాయి. ఆకర్షణ సరే, దూకే ముందు కాగితం మీద ఈ కూడిక చేసుకోండి. ఒక్కో కణం సుమారు 2 నానోగ్రాములనుకుంటే గ్రాముకు 50 కోట్ల కణాలు కావాలి. ఒక టీ-75 ఫ్లాస్కు 50 లక్షల కణాలిస్తే గ్రాముకు 100 ఫ్లాస్కులు, 20 గ్రాముల ముక్కకు 2,000. ఫ్లాస్కులతో కుదరదని, తిప్పే రియాక్టర్, కణాలు అంటుకోవడానికి మైక్రోక్యారియర్లు (సూక్ష్మమైన పూసలు) కావాలని ఈ లెక్కే చెబుతుంది. నేరుగా కణజాలం నుంచి తీసిన మామూలు ప్రైమరీ కణాలు కొన్ని పదుల విభజనలకు మించి సాగవు. ముక్క మందమెక్కితే ఇంకో అడ్డు: రక్తనాళం లేనిచోట ఆక్సిజన్ 100–200 మైక్రాన్లు దాటి సరిగా చేరదు. అందుకే కీమా సులువు, చాప్స్ కష్టం.

దూడ సీరంతో పని మొదలుపెట్టినా దానితోనే ముగించకండి. ధర, బ్యాచ్ తేడాలు, నైతిక అభ్యంతరం మూడూ ఉన్నాయి. ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, ఎఫ్‌జీఎఫ్-2, ఆల్బుమిన్‌లతో సీరం లేని మీడియం వైపు మెల్లగా జరగండి: ప్రతి పాసేజీలో (కణాలను కొత్త ప్లేటుకు మార్చినప్పుడల్లా) సీరంను సగానికి తగ్గిస్తూ, రెట్టింపయ్యే గంటలు లెక్కేస్తూ. ఒక్కసారి మానేస్తే కణాలు ఊడి తేలతాయి.

రుచి చూడటం

మీ కల్చర్ ప్లేటులోది నోట్లో పెట్టుకోవద్దు. యాంటీబయాటిక్, సీరం, ఫుడ్ గ్రేడ్ కాని రసాయనాలు అందులో ఉన్నాయి. కల్చర్ హుడ్ ఉన్న గది, రుచి చూసే గది ఒకే తలుపు పంచుకోకూడదు. భారత్‌లో ఇలాంటి కొత్త ఆహారం 2017 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల కింద ముందస్తు అనుమతి లేకుండా అమ్మకానికి పోదు.

బ్రెస్ట్ పీసుల ప్రయోగానికి రుచి పరీక్ష పెట్టొచ్చు. ట్రయాంగిల్ టెస్టుతో మొదలుపెట్టండి: మూడు ముక్కలు, అందులో ఒకటి వేరు, ఏది వేరో చెప్పాలి. గాలికి చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి 30 మందిలో కనీసం 15 మంది సరిగ్గా చెబితేనే 5 శాతం స్థాయిలో తేడా ఉన్నట్టు. ముక్కలకు మూడంకెల యాదృచ్ఛిక సంఖ్యలు ఇవ్వండి. ఏ, బీ, సీ అని రాస్తే ఏ మంచిదనిపిస్తుంది. ఉప్పు తప్ప మసాలా వద్దు: అల్లం వెల్లుల్లి వేశాక తేడా పట్టగల నాలుక అరుదు. పచ్చి బొప్పాయి అసలే వద్దు, పపెయిన్ మీ ఫలితాన్ని తినేస్తుంది. నాడీ కణాలను విడదీయడానికి మీరు ల్యాబ్‌లో కొనే పపెయిన్, మటన్‌లో అమ్మమ్మ వేసే ముక్క ఒకటే.

ఎక్కడ, ఏ పరీక్షతో

గేట్‌లో ఎక్స్‌ఎల్ పేపరు తీసుకోండి. కెమిస్ట్రీ తప్పనిసరి, మిగతా వాటిలో రెండు ఎంచుకోవాలి. జువాలజీలో డెవలప్‌మెంటల్ బయాలజీ ఉంది, ఫుడ్ టెక్నాలజీ వేరే విభాగం. ఈ రెండిటినీ ఎంచుకుని చదివితే పరీక్ష తయారీ, దారి మార్పు ఒకేసారి అయిపోతాయి. మైసూరు సీఎఫ్‌టీఆర్ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ), సీసీఎంబీలాంటి సీఎస్ఐఆర్ సంస్థల్లో పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-నెట్ లైఫ్ సైన్సెస్ జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) పనికొస్తుంది. మాంస సాంకేతికత పోస్టుల్లో కొన్నిటికి పశువైద్య పట్టా అడుగుతారు, అర్హతల కాలమ్ చదవకుండా ఏడాది పెట్టుబడి పెట్టొద్దు. పోషక విలువలు పోల్చాలంటే తార్నాకలోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికలు దగ్గరుంచుకోండి.

ఇంటర్వ్యూకు వెళ్లే ముందు చేతికి అలవాటు కావలసినవి కొన్నున్నాయి: ఓవెన్‌లో తేమ, కెల్డాల్ నైట్రోజన్‌ను 6.25తో గుణించి ప్రొటీన్, సాక్స్‌లెట్‌తో కొవ్వు, 550 డిగ్రీల దగ్గర బూడిద. ఎవరు అడిగినా చేసి చూపించగలగాలి. నీటి చర్య (వాటర్ యాక్టివిటీ) 0.85 అంటే ఏమిటో, పీహెచ్ 4.6 గీత ఎందుకు గీశారో, 25 గ్రాముల్లో సాల్మొనెల్లా ఉండకూడదంటే ఎలా పరీక్షిస్తారో నోటికి రావాలి. సీవీలో "కోడి పిండ దశల నిర్ధారణ, ప్రైమరీ మయోబ్లాస్ట్ కల్చర్" అని రాసి ఆపకుండా, పక్కనే "ఒకే కోడి జత ప్రయోగంతో షియర్ బలం, ఉడుకు నష్టం, సార్కోమియర్ పొడవు" అని రాయండి. పీహెచ్‌డీ గైడును ఎంచుకునేటప్పుడు ఇద్దరిని అడగండి, ఒకరు కండరం తెలిసినవారు, ఇంకొకరు మాంసం తెలిసినవారు. రిజిస్ట్రేషన్ ఫారంలో ఇద్దరి సంతకాలూ మొదటి సెమిస్టర్‌లోనే వేయించుకోండి. మూడో ఏట రెండో గైడును చేర్చుకోవాలంటే కాగితాల పని ప్రయోగం కంటే ఎక్కువసేపు ఉడుకుతుంది.